అరవయ్యో పుస్తకం

ఆ వీధిలో అందరూ ఆమెను జిగురక్క అనేవారు. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా అందులో అబద్ధమేమీ లేదు. యాభై అయిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళుగా పుస్తకాలకు అట్టలు కడుతోంది. గోళ్ళ అంచుల్లో ఎండిన జిగురు ఎంత కడిగినా పోదు. నోరు కూడా తక్కువదేం కాదు. చిరిగిన పుస్తకం పట్టుకుని ఎవరు గుమ్మం ఎక్కినా ముందు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే చెయ్యి చాపేది.

"దీన్ని చదివారా, నమిలారా?" అనేది. పంతుళ్ళూ వకీళ్ళూ కూడా ఆ మాటలు పడి, తల గోక్కుంటూ నిలబడేవాళ్ళు. ఆమె కుట్టిన పుస్తకం మళ్ళీ ఊడిరావాలంటే ఏళ్ళు పట్టేది మరి.

ఆమెతో పాటు అదే గదిలో, ఎదురు బల్ల దగ్గర, చెల్లెలు పనిచేసేది. ఆవిడకి నలభై ఎనిమిది. జుట్టు సగం నెరిసింది, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటాయి, అయినా ఊరందరికీ చిన్నమ్మాయే. అక్క ఎంత గయ్యాళో చెల్లెలు అంత నెమ్మది. పెళ్ళి ఇద్దరికీ కాలేదు. వీధిలోకి కిటికీ ఉన్న పొడుగాటి గది వాళ్ళ బైండింగు షాపు, వెనక రెండు గదులు వాళ్ళ ఇల్లు. పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతుంటే అందులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. ఆ వాసన వాళ్ళ చీరల్లోనూ దిళ్ళలోనూ కూడా ఉంటుంది.

"అక్కచెల్లెళ్ళంటే వాళ్ళే" అనేవాళ్ళు వీధిలోవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా జిగురక్క ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయేది. వినయమనుకునేవారు జనం. జనానికేం, ఏదైనా అనుకుంటారు.

ఆమె ఎందుకు లోపలికి వెళ్ళిపోయేదో చెప్పాలంటే ముందు ఆ పని ఎలా చేస్తారో ఒక్క ముక్క చెప్పాలి. పుస్తకమంటే పదహారేసి పేజీల కట్టలు. వాటిని ఫారాలంటారు. ఫారాలన్నీ వరుసగా పేర్చి, వెనక వెన్ను దగ్గర దారంతో కుడతారు. కుట్టిన వెన్ను కదలకుండా దాని మీద ఒక కాగితప్పట్టీ అంటిస్తారు. పైన అట్టా బట్టా వచ్చాక ఆ పట్టీ ఎవరికీ కనిపించదు. కనిపించనిదానికి కొత్త కాగితం ఎందుకని, పాత నోటీసులూ పరీక్ష పేపర్లూ కేలండర్లూ ఒక చెక్కపెట్టెలో పడేసి ఉంచుతారు. దాన్ని చిత్తు పెట్టె అనేవాడు వాళ్ళ నాన్న. అందులోంచి ఒక కాగితం తీసి వెన్నుకి అంటించాడంటే, ఆ పుస్తకం మళ్ళీ ఊడి షాపుకి వచ్చేదాకా, పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో, అది వెలుగు చూడదు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఎదురుగా రేడియోలు బాగుచేసే దుకాణంలో ఒక కుర్రాడు ఉండేవాడు. చెల్లెలికి అప్పుడు ఇరవై. ఇంట్లో రేడియో నెలకి మూడుసార్లు పాడయ్యేది. అంత పాడయ్యే రేడియోని పారేయక ఎందుకు ఉంచుతున్నారో నాన్నకి అర్థం కాలేదు కానీ అక్కకి అర్థమైంది. తర్వాత అతనికి రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఇంకో ఊళ్ళో పని దొరికింది. వెళ్తూ, ఇల్లు చూసుకుని ఉత్తరం రాస్తానన్నాడు.

రాశాడు కూడా. లేత పచ్చ కాగితం, గట్టిది. పోస్టుమాన్ దాన్ని అక్క చేతికిచ్చాడు.

ఆమె విప్పి చదివింది. రెండు గదుల ఇల్లు దొరికిందట. నీకిష్టమైతే ఒక్క ముక్క రాయి, నెలాఖరుకి వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతాను, నీ దగ్గర్నించి ఏమీ రాకపోతే ఇష్టం లేదనుకుని ఊరుకుంటాను, ఇంకెప్పుడూ ఇబ్బంది పెట్టను అని రాశాడు. మర్యాదస్తుడు. కాస్త మొండివాడై ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

అమ్మ పోయేనాటికి చెల్లెలికి మూడేళ్ళు, అక్కకి పది. ఆ పదేళ్ళ పిల్ల ఈ మూడేళ్ళ పిల్లకి జడ వేసింది, నీళ్ళు పోసింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. ఇప్పుడు నాన్నకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. చెల్లెలు వెళ్ళిపోతే ఆ గదిలో తనూ, సగం చూపు నాన్నా, జిగురు గిన్నే మిగులుతాయి. ఆమెకి భయమేసింది. భయంతో పాటు కోపమూ వచ్చింది. తనకెవరూ అలాంటి ఉత్తరం రాయలేదన్న ఉక్రోషం కూడా ఉంది. అది ఆమె తనలో తాను కూడా ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. రెండు రోజులాగి ఇద్దాంలే అనుకుని ఉత్తరాన్ని చిత్తు పెట్టెలో అడుక్కి తోసింది. చెల్లెలు ఇల్లంతా వెతికినా చిత్తు పెట్టె మాత్రం వెతకదు కదా.

నాన్న మాత్రం వెతికాడు. కళ్ళు కనిపించక, వేళ్ళతో తడిమి గట్టి కాగితం ఏరుకునేవాడు. మూడోరోజు ఆమె పెట్టెలో చెయ్యి పెడితే ఉత్తరం లేదు. ఆ వారం షాపులో లైబ్రరీ పుస్తకాలు అరవై ఉన్నాయి. కొన్ని బిగింపు చెక్కల మధ్య ఆరుతున్నాయి, కొన్ని అప్పటికే వెళ్ళిపోయాయి. అరవైలో దేని వెన్నులో ఉందో నాన్నని అడగాలి. అడిగితే ఏ ఉత్తరమని ఆయన అడుగుతాడు. నోరు విప్పి చెల్లెలితో చెప్పేస్తే ఆ రోజే అంతా తేలిపోయేది. ఆమె విప్పలేదు.

చెల్లెలు రెండు నెలలు పోస్టుమాన్ వచ్చే వేళకి కిటికీ దగ్గర కూర్చుని కుట్టింది. ఆ తర్వాత తన బల్లని గోడవైపుకి జరుపుకుంది. పెళ్ళి మాట ఎవరెత్తినా, లేచి జిగురు కలపడానికి పోయేది. అంతే, ఏడవలేదు, అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమోనని అక్క తర్వాత ఎన్నోసార్లు తనకు తాను సర్దిచెప్పుకుంది. తప్పు చేసినవాళ్ళకి ఇలాంటి సర్దుబాట్లకి కొదవేముంది.

అప్పట్నించి మొదలైంది జిగురక్క అసలు జీవితం. నాన్న పనులు రాసుకునే పాత నోటుపుస్తకంలో ఆ నెల పేజీలో అరవై పేర్లున్నాయి. లైబ్రరీ నుంచి ఆ పేర్లలో ఒకటి ఊడి వచ్చిందంటే చాలు, ఆమెకి ఇంక వేరే పని సాగేది కాదు. చెల్లెల్ని ఏదో పని మీద బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, తడిగుడ్డతో వెన్ను నానబెట్టి పట్టీ ఊడదీసేది. ఎన్నికల నోటీసు, లెక్కల పరీక్ష, ఎవరిదో శుభలేఖ. ఉత్తరం కాదు. నోటుపుస్తకంలో ఆ పేరు పక్కన పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టేది. ఒక్కో ఏడు మూడు టిక్కులు, ఒక్కో ఏడు ఒక్కటి కూడా ఉండదు. నాన్న పోయాడు. నోటుపుస్తకం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళలో యాభై తొమ్మిది టిక్కులు పడ్డాయి.

చెబుదామని నోటిదాకా వచ్చిన రోజులు లేకపోలేదు. పదకొండేళ్ళ కిందట పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషనన్నారు. ఆస్పత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టాక, బతుకుతానో లేదోనని చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"చిన్నదానా, నీకో మాట చెప్పాలే."

"ముందు నువ్వు క్షేమంగా బయటికి రా. వచ్చాక తీరిగ్గా చెబుదువుగాని" అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.

పది రోజులకి ఇంటికొచ్చింది. ఆ పది రోజుల్లో ఏం పని వచ్చిందని ఆరా తీస్తే బడి రిజిస్టర్లు తప్ప ఏమీ రాలేదని చెప్పింది చెల్లెలు. ఆ సాయంత్రమే పాలు కాచి ఇస్తూ, "ఆ రోజు ఏదో చెప్తానన్నావు కదక్కా, ఏంటది?" అని అడిగింది. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. జిగురక్క గ్లాసులోకి చూసింది.

"ఏం లేదే, బీరువా తాళం ఎక్కడ పెట్టానో చెబుదామని" అంది.

"అంతేనా?"

"అంతే."

చెల్లెలు గ్లాసు అక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ నెలలోనే అట్టల బట్ట కొనుక్కొస్తానని పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, రాత్రికి బట్ట లేకుండా తిరిగొచ్చింది. చేతిలో రెండు పెద్ద బ్యాటరీలు మాత్రం ఉన్నాయి. ఇంట్లో దేనికీ పట్టని సైజు. "బట్టకి వెళ్ళి బ్యాటరీలు తెచ్చింది మహాతల్లి!" అని అక్క వారం రోజులు ఆట పట్టించింది. అవి సొరుగులోనే ఉండిపోయి తుప్పు పట్టాయి.

ఇక ఈ ఏటి సంగతి. లైబ్రరీలో నీళ్ళ పైపు పగిలి నవలల బీరువాలు రెండు తడిసిపోయాయి. లైబ్రేరియన్ నూట నలభై పుస్తకాలు మూటలు కట్టించి పంపాడు. మంచివాడు, కాస్త వాగుడెక్కువ. వచ్చినప్పుడల్లా చెల్లెల్ని ఒకే మాట అడుగుతాడు. పెద్ద ఊళ్ళోని లైబ్రరీలో మరమ్మతు గదికి మనిషి కావాలట, ఉండటానికి గది కూడా ఇస్తారట, మీలాంటి చెయ్యి దొరకడం లేదంటాడు. ఆరేళ్ళుగా అడుగుతున్నాడు, ఆరేళ్ళుగా చెల్లెలు నవ్వి ఊరుకుంటోంది. నన్ను వదిలి వెళ్ళలేకే అనుకుని అక్క లోలోపల పొంగిపోయేది, ఆ వెంటనే కుంగిపోయేది.

మూటలు విప్పుతుంటే మూడోదాంట్లో కనిపించింది. అరవయ్యో పుస్తకం. ఒక లావుపాటి సస్పెన్సు నవల. ఇద్దరక్కచెల్లెళ్ళు, వాళ్ళింట్లో ఒక రహస్యం, ఒకరు ఇంకొకరికి చేసిన ద్రోహం. ఊళ్ళో దాన్ని చదవనివాళ్ళు లేరు. చదివినవాళ్ళు ఊరుకున్నారా అంటే అదీ లేదు, మార్జిన్లలో పెన్సిల్‌తో తమ తీర్పులు రాసిపెట్టారు.

చెల్లెలు దాన్ని అందుకుని, తడి పేజీలు జాగ్రత్తగా విడదీస్తూ పైకి చదివింది. "పదిహేడో పేజీ, 'అక్కను నమ్మకండి.' దాని కింద ఇంకొకాయన, 'నోరు ముయ్యవయ్యా, మమ్మల్ని చదవనీ.' చూశావా అక్కా? ఇక్కడ ఇంకోటి, నూట రెండో పేజీ. 'చెల్లెలికి అంతా తెలుసు. పాపం.'"

"తెలివితక్కువ వెధవలు, పుస్తకాలు పాడుచేయడానికే పుట్టారు" అంది జిగురక్క. "ఇలా తే. వెన్నులు ఈసారి నేనే తీస్తాను. నువ్వు కుట్టు."

ఆమె వేళ్ళు కణుపుల దగ్గర వాచిపోయి నాలుగేళ్ళయింది. వెన్ను ఊడదీసే పని ఎక్కువగా చెల్లెలే చేస్తోంది. అందులోనూ నూట నలభై. అయినా చెల్లెలు కాదనలేదు.

"సరే. దీన్ని నువ్వే తియ్యి" అని పుస్తకాన్ని రెండు చేతులతో అక్క బల్ల మీద పెట్టింది. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని సూదికి దారం ఎక్కించుకుంది.

మామూలుగా అయితే జిగురక్క ఏదో వంక పెట్టి చెల్లెల్ని బయటికి పంపేదే. ఈసారి బయట వర్షం. రేపటిదాకా ఆగుదామంటే చేతులు ఆగడం లేదు. ఇదొక్కటి అయిపోతే చాలు, పట్టీ తీసి జిగురు పొయ్యిలో పడేస్తే ఇంక బతికినన్నాళ్ళు నిశ్చింత అనుకుంది. తడిగుడ్డ వేసి, పావుగంట ఆగి, కత్తి మొనతో బట్టని ఎత్తింది.

బట్ట కింద నాన్న పట్టీ లేదు. పల్చటి జాలీగుడ్డ ఉంది. నాన్న జన్మలో జాలీగుడ్డ వాడలేదు. ఆయన పోయాక, ఇద్దరూ ఆలోచించుకుని, కుట్టు గట్టిగా ఉంటుందని మొదలుపెట్టిన పద్ధతి అది. గుడ్డ నాలుగు మూలలూ ఏటవాలుగా కత్తిరించి ఉన్నాయి. మూలలు అలా కత్తిరించే చెయ్యి ఈ షాపులో ఒక్కటే, అది తనది కాదు. జిగురక్క ఆ మూలల్ని చూస్తూ ఉండిపోయింది. గుడ్డ ఎత్తితే కింద నూనెకాగితంలో నీట్‌గా మడతపెట్టి, ఎక్కడా జిగురు అంటకుండా, లేత పచ్చ కాగితం.



"దొరికిందా, అక్కా?" అంది చెల్లెలు. తల ఎత్తలేదు. సూది ఆగలేదు.

జిగురక్కకి నోరు పెగల్లేదు. నలభై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందర్నీ కడిగేసిన నోరు.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు వచ్చింది ఆ పుస్తకం" అంది చెల్లెలు మామూలు గొంతుతో. "పట్టీ మీద నా పేరు కనిపించింది. నానబెట్టి, ముక్కలు కాకుండా తీయడానికి ఒక రోజంతా పట్టింది. మొదట నాన్నే చేశాడేమో అనుకున్నా. కళ్ళు కనపడక చేసుంటాడు, పాపం, అనుకున్నా. తర్వాత నాన్న నోటుపుస్తకం తీస్తే అందులో నీ టిక్కులున్నాయి. అప్పటికి నలభై ఒకటి."

"చిన్నదానా..."

"నువ్వొచ్చాక అడిగాను. గుర్తుందా? ఏదో చెప్తానన్నావు, ఏంటని అడిగాను. బీరువా తాళమన్నావు."

జిగురక్క రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. పాల గ్లాసు గుర్తొచ్చింది. గ్లాసులోకి చూసిన తన చూపు గుర్తొచ్చింది.

"ఆ చిరునామాకి వెళ్ళాను" అంది చెల్లెలు. "దుకాణం అక్కడే ఉంది. కౌంటర్లో కూర్చున్నాడు, బట్టతల, కళ్ళద్దాలు. ఇంతెత్తు కూతురు కేరియర్ తెచ్చి పెట్టింది. ఏం కావాలమ్మా అనడిగాడు. ఏం చెప్పాలో తెలీక బ్యాటరీలన్నాను. ఏ సైజన్నాడు. పెద్దవన్నాను." ఒక్క క్షణం నవ్వినట్టయింది ఆమె. "గుర్తుపట్టలేదక్కా నన్ను."

సొరుగులో తుప్పు పట్టిన ఆ రెండు బ్యాటరీలు ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. జిగురక్క ఆ సొరుగు వైపు చూడలేకపోయింది.

"మరి అప్పుడే ఎందుకు నన్ను దులిపెయ్యలేదే? తిట్టి, కొట్టి, వెళ్ళిపోవచ్చుగా! మళ్ళీ ఎందుకు దీన్ని ఇందులో పెట్టావు?"

"నీ అంతట నువ్వు చెప్తావని. ఎక్కడికి పోతుంది, ఆ పుస్తకం మళ్ళీ మన దగ్గరికే వస్తుంది కదా, ఈలోగా ఏదో ఒకరోజు నువ్వే చెప్తావనుకున్నా. చెబితే పోనీలే అందామనుకున్నా. నిజంగా, అక్కా. మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నా. పదకొండేళ్ళు చూశాను. ఊడిన పుస్తకం వచ్చినప్పుడల్లా నన్ను దారానికో సూదులకో పంపేదానివి. వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి వచ్చేదాన్ని. నీకు టైమివ్వాలి కదా."

అప్పుడు ఏడ్చింది జిగురక్క. భయమేసిందే, నువ్వెళ్ళిపోతే నేనేమైపోతానో అనుకున్నానే, రెండు రోజుల్లో ఇచ్చేద్దామనే దాచానే, నా బుద్ధి గడ్డి తిన్నదే అంటూ ఇరవై ఎనిమిదేళ్ళ మాటలన్నీ ఒక్క పెట్టున చెప్పేసింది. ఒక్క అక్షరం కూడా దాచుకోలేదు. చెల్లెలు కుట్టు ఆపి అంతా విన్నది. మధ్యలో లేచి మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. పక్కన కూర్చోలేదు.

"ఇప్పుడు చెబుతున్నావు" అంది చివరికి. "కాగితం చేతిలో పట్టుకుని."

తర్వాత అంది, "లైబ్రేరియన్‌కి వస్తానని చెప్పేశాను. మొన్న మూటలు దించుతున్నప్పుడు. ఈ పుస్తకం మూటలో ఉందని ఆయన తెచ్చిన జాబితాలో చూశాకే చెప్పాను. ఈ నూట నలభై పూర్తి చేసే వెళ్తాను, నీ చేతులతో నీ ఒక్కదాని వల్ల కాదు."

ఉత్తరాన్ని తీసుకోలేదు. అది జిగురక్క బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో గొడవలేం జరగలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే జిగురు ఉడికేది, ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవారు. "కత్తెర ఇటివ్వు", "కాఫీ చల్లారిపోతోంది" లాంటి మాటలకి లోటు లేదు. పూర్తయిన పుస్తకాలు గోడ పక్కన పెరుగుతున్నాయి. ఎనభై అయ్యాయి, నూరు అయ్యాయి. ఏ షాపులోనైనా పని తరిగితే సంతోషిస్తారు. జిగురక్క గోడవైపు చూడటం మానేసింది.

నూట ముప్పై దాటాక ఒకరోజు జిగురక్క నీరసంగా ఉందని పని ఆపేసింది. ఇంకోరోజు జిగురు పలచబడిందని పారబోసి మళ్ళీ కలిపింది. ఆఖరున ఒక్క పుస్తకం మిగిలింది. అది ఆ నవలే. దాన్ని తనే కుడతానని పట్టుబట్టి, వాచిన వేళ్ళతో రెండు రోజులు కుట్టింది. మూడోరోజు పొద్దున చెల్లెలు పెట్టె సర్దుకుని గదిలోకి వచ్చేసరికి, జిగురక్క కిటికీ దగ్గర కూర్చుని ఆ కుట్టంతా ఒక్కో ముడే విప్పుతోంది.

"వదులైందే" అంది తల ఎత్తకుండా. "మళ్ళీ కుట్టాలి. ఇంకో రెండు రోజులు పడుతుంది."

చెల్లెలు దగ్గరికొచ్చి, విప్పకుండా మిగిలిన సగం మీద బొటనవేలితో నొక్కి చూసింది. నాన్న నేర్పినట్టు, రెండుచోట్ల. కుట్టు రాయిలా ఉంది. నలభై ఏళ్ళలో జిగురక్క కుట్టిన ఏ పుస్తకమూ వదులు కాలేదు.

"వదులు కాలేదులే, అక్కా" అంది. "ఇలా ఇవ్వు."

అక్క వేళ్ళ సందుల్లోంచి పుస్తకాన్ని మెల్లగా తీసుకుని, తన బల్ల దగ్గర కూర్చుని, సూదికి దారం ఎక్కించింది. రైలు వేళకి ఇంకా మూడు గంటలుంది. మిగిలిన కుట్టుకి గంట చాలు.